తొండ గుంతకు కాపలా

అంబిక లేచి నిలబడడం ఇది నాలుగోసారి.

మొదటిసారి కాలు తిమ్మిరెక్కింది. రెండోసారి దాహమైంది. మూడోసారి హగరి స్టేషన్ వైపు పోయే గూడ్సు బండికి ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టాలనిపించింది. ఈసారి మాత్రం ఏ కారణమూ లేదు. కాళ్ళు వాటంతట అవే లేచాయి.

అంతే, కంపచెట్టు మొదట్లో ఏదో సర్రుమంది. తోక కొస కనిపించి మాయమైంది.

అంబిక నోట్‌బుక్ తీసింది. సోమవారం: తోక. మంగళవారం: తోక. బుధవారం: ఏమీ లేదు. వాటి కింద రాసింది. గురువారం: తోక.

ఐదో తరగతి పిల్లలకు కొట్రమ్మ టీచరు ఇచ్చిన పని అది. ఇంటి వెనక రోజూ పావుగంట కదలకుండా కూర్చోవాలి. కనిపించిన తొండలు, బల్లులు, నున్నగా మెరిసే నలికిరులు అన్నీ రాసుకోవాలి. శనివారం క్లాసులో చదవాలి. పావుగంటే కదా అనుకుంది అంబిక. పావుగంట అంత పొడుగుంటుందని తనకు తెలీదు.

"ఏమే, ఇయ్యాల ఎన్ని తోకలు?" గోడ మీద నుంచి జగదీశ్ అడిగాడు. పక్కింటివాడు, అదే క్లాసు. "నాకు పదకొండు తొండలు కనపడినాయి. తలకాయలతో సహా."

"అబద్ధాలు."

"నువ్వు కూకుంటే కదా కనపడేది. నీ కింద చీమల పుట్ట ఏమన్నా ఉండాదా?" నవ్వి, గోడ దిగి వచ్చాడు. "చూసేదెందుకు? ఒకదాన్ని పట్టేయ్. సీసాలో ఏసుకోని స్కూలుకు రా. టీచరే లేసి వచ్చి చూస్తాది."

చీపురు నుంచి ఒక టెంకాయ పుల్ల లాగాడు. దాని చివర దారంతో జారుముడి వేసి చూపించాడు. తొండ తల మీదుగా మెల్లగా దించాలి, గబుక్కున లాగాలి. ఊర్లో పిల్లలందరికీ వచ్చిన విద్యే.

వంటింటి తలుపు దగ్గర నుంచి అమ్మ మహాదేవి కేకేసింది. "అంబీ, చెప్పులు ఏసుకున్నావా? ఆ కంప పక్కకు పోవాకు, పాములు ఉండాయి."

"లేవు మా."

"ఏం లేవు? చెప్పులా, పాములా?"

రెండూ లేవు. అంబిక గబగబా చెప్పులు వేసుకుంది.

శుక్రవారం బడి నుంచి రాగానే సంచి మంచం మీద పడేసి, పుల్ల తీసుకుని వెనక్కి పరిగెత్తింది.

గిన్నెలు తోమే బండ పక్కన మన్ను ఎప్పుడూ తడిగా, మెత్తగా ఉంటుంది. అక్కడే ఉంది తొండ. బాగా లావు పొట్ట. ముందే తవ్వుకున్న చిన్న గుంతలోకి వెనక కాళ్ళు దించుకుని, తల పైకెత్తి కూర్చుంది. అంబికను చూసింది. కానీ పారిపోలేదు.

నా అదృష్టం, అనుకుంది అంబిక. ముడి మెల్లగా దించింది. గబుక్కున లాగింది.

తొండ గాల్లో మెలికలు తిరిగింది. అంబిక దాన్ని ఖాళీ ఊరగాయ సీసాలోకి వదిలి, ముడి జార్చి, పైన గుడ్డ కప్పింది.

"మా, పట్టినా. తొండను పట్టినా."

మహాదేవి గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "యాడ కరిచింది? చెయ్యి చూపీ."

"కరవలేదు మా."

"రెండో చెయ్యి." అదీ తిప్పి చూసింది. "రగతం పీల్చేదాన్ని ఎవరన్నా పట్టుకుంటారా? కింద పెట్టు ఆ సీసా."

"అదేం పీల్చదులే మహాదేవీ. మా అమ్మ కూడా ఇట్లనే బెదిరించేది," అంటూ అవ్వ హనుమాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది. సీసా ఎత్తి చూసి, "యాడ పట్టుకుంటివే దీన్ని?" అని అడిగింది.

అంబిక చూపించింది. అవ్వ గుంత మీదికి వంగింది. లోపల నాలుగు తెల్లటి గుడ్లు ఉన్నాయి. ఒక్కొక్కటి శెనక్కాయ గింజంత.

అవ్వ సీసాను వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది. "కాన్పు నడమ ఎత్తుకొచ్చినావు తల్లీ. పొట్ట చూడు, ఇంకా ఉండాయి లోపల."

సీసాలో తొండ నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. దాని డొక్కలు గబగబా కొట్టుకుంటున్నాయి.

మహాదేవి బండ మీద కూర్చుంది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "నువ్వు పుట్టేపొద్దు రైలు గేటు పడింది. ఆటోలో నేనూ, మీ అవ్వ. బళ్ళారి ఆస్పత్రికి పోతాంటిమి. గూడ్సు బండి యాడో నిలబడిపోయింది. ముందుకు పోలేము, ఎనక్కి రాలేము."

"ఎంతసేపు మా?"

"పావుగంట. అంత పొడుగు పావుగంట నేను మళ్ళా చూడలేదు."

అంబిక సీసాను గుంత పక్కన వంచింది. తొండ ఒక్క ఉరుకులో కంపలోకి పోయింది.

"మళ్ళా వస్తాదా అవ్వా?"

"వస్తాదో రాదో. నువ్వు కదిలితే మాత్రం రాదు."

"అయితే లోపలికి పోదాం."

అవ్వ గడ్డంతో గోడ వైపు చూపించింది. అక్కడ ఒక కాకి మెడ వంచి, తెల్లగా గుడ్లు కనిపిస్తున్న గుంతనే చూస్తోంది.

"గుంత పూడ్చేస్తా."

"పూడిస్తే మిగిలినవి అది యాడ పెట్టల్ల? ఈడనే ఉండు. నువ్వు కాకికి కనపడల్ల, తొండకు భయం కాగూడదు. సుమ్నె, కదలకుండా కూకో."

అంబిక నాలుగు బారల దూరంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. అవ్వ, అమ్మ గడప దగ్గరికి వెళ్ళారు.

మోకాలి వెనక చీమ ఎక్కింది. కుట్టింది. అంబిక పెదవి కొరుక్కుంది. గూడ్సు బండి కూత వేసింది. పెట్టెలు లెక్కపెట్టలేదు. లేవాలని కాళ్ళు పీకాయి. రెండు చేతులతో మోకాళ్ళను అదిమి పట్టుకుంది. గోడ మీద కాకి ఒక అడుగు ముందుకు వేసింది, అంబికను చూసి ఆగింది.

"ఏమే, పట్టితివా?" కాకి ఎగిరిపోయింది. దాని చోట జగదీశ్ తల లేచింది. "ఏంది, బొమ్మ మాదిరి కూకున్నావు?"

అంబిక పలకలేదు. గడప దగ్గర నుంచి మహాదేవి నోటి మీద వేలు పెట్టింది. జగదీశ్ గోడ మీదే ఉండిపోయాడు.

ఎండ బండ మీద నుంచి గోడ మీదికి ఎక్కింది.

అప్పుడు కంప కింద తొండ తల కనిపించింది. రెండడుగులు వేసి ఆగింది. తల ఊపింది. ఇంకో నాలుగడుగులు. గుంత దాకా వచ్చి, వెనక్కి తిరిగి, కాళ్ళు లోపలికి దించుకుంది.

అంబిక ఊపిరి కూడా మెల్లగా పీల్చింది. ఎన్ని గుడ్లు పెట్టిందో కనిపించలేదు. చాలాసేపటికి తొండ ముందుకాళ్ళతో మన్ను లాగి గుంత పూడ్చింది. తర్వాత అవ్వ జొన్నరొట్టె తట్టినట్టు, మూతితో తట్టి తట్టి చదును చేసింది. అది వెళ్ళిపోయాక చూస్తే అక్కడ గుంత ఉండేదని ఎవరూ అనుకోరు.

అంబిక నోట్‌బుక్ తీసింది. శుక్రవారం: తొండ ఒకటి. తల నుంచి తోక దాకా మొత్తం.

"ఒకటేనా?" అన్నాడు జగదీశ్, ఈసారి గుసగుసగా. తల గోక్కున్నాడు. "నా పదకొండులో ఆరు ఒకటే తొండ అనుకుంటా."

మహాదేవి తోమాల్సిన గిన్నెల గంప, పారబొయ్యడానికి వేడి గంజి తెచ్చింది. అంబిక పరిగెత్తలేదు. మెల్లగా నడిచి వెళ్ళి, పుల్లకున్న ముడి విప్పేసింది. ఆ పుల్లను చదునైన మన్ను పక్కన గుచ్చింది.

"మా, ఈ పుల్ల కాడ పొయ్యొద్దు. అవతల పొయ్యి."

మళ్ళీ పోయి బకెట్టు మీద కూర్చుంది.

"నీ పావుగంట ఎప్పుడో అయిపోయింది కదే," అంది మహాదేవి.

అంబిక నోటి మీద వేలు పెట్టి, కళ్ళతో బండ వైపు చూపించింది. బండ చివర ఒక నలికిరి మెరుస్తోంది.

మహాదేవి గంజి గిన్నెతో ఎక్కడిదక్కడే నిలబడిపోయింది.