సున్నా కాని కుర్చీ

బోరబండలో మహేశ్ అన్న ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. రాయదుర్గంలో ఉద్యోగం మానేసి, స్నేహితుడు ఓంకార్‌తో కలిసి అక్కడే సొంత పని మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు ఓంకార్ ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు.

నేను కొత్తగా ట్యాక్స్ లెక్కలు చూడడం మొదలుపెట్టాను. మహేశ్ అన్నే నా మొదటి క్లయింట్. బయట ముసురు. గదిలో తడిగోడల వాసన. ఆఫీసు సామాన్లు పాతబడి ఏటా ఎంత విలువ తగ్గాయో, ఆ తరుగుదల లెక్కగడుతున్నాను.

"రెండో కుర్చీ వాడుకలో ఉందా అన్నా? లేకపోతే తరుగుదల ఇవ్వరు."

"ఉంది."

"ఎవరు వాడుతున్నారు?"

ఆయన చూపు నా భుజం మీదుగా వెళ్లింది. నా వెనక... ఉస్స్...

తిరిగి చూశాను. ఎవరో కూర్చున్నట్టు, ఖాళీ ఆఫీసు కుర్చీ వేలెడు కిందికి దిగింది.

"ఫికర్ చెయ్యకు చెల్లె," గుసగుసగా అన్నాడు. "మొదట్ల పూర్తిగ దిగేది. ఏటేటా తగ్గుతున్నది. ఇప్పుడు పిల్లి ఎక్కినంతే. ఇగ నువ్వే చెప్పు... సున్నా ఎప్పుడైతది?"

భయమేసినా, లెక్క అడిగితే నేను ఆగలేను.

"కాదన్నా. ఏటా మిగిలినదాంట్లోనే కొంత శాతం తీస్తాం. ఎప్పటికీ ఎంతో కొంత మిగులుతుంది."

ఆయన కళ్లు గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ ఆయన కూతురు పింకీ, చేతిలో బిస్కెట్.

"ఓంకార్ మామ ఇప్పుడు నా అంతే అయిండు," అంది నవ్వుతూ. "మేం ఆడుకుంటం."

మహేశ్ అన్న నా వైపు వంగాడు. "రెండుసార్లు పారేసిన చెల్లె. తెల్లారేసరికి ఈడనే ఉంది."

"పారేసినా మీదే అన్నా. బిల్లు రాసి అమ్మితేనే మీ లెక్కలోంచి పోతుంది."

"ఎవరు కొంటరు దాన్ని?"

పింకీ కుర్చీ పక్కన కూర్చుని గాలితో ఏదో చెబుతోంది. పిల్లి బరువే కదా అనుకున్నాను.

"నేను కొంటా."

బిల్లు రాశాం. ఆటోలో కుర్చీ ఎక్కిస్తుంటే పింకీ ఏడుస్తూ బిస్కెట్ నా చేతిలో పెట్టింది. "మామకు."

మూసాపేటలో నా గది. ఇంట్లో నేనొక్కదాన్నే. కుర్చీని మూలకు నెట్టాను. బిస్కెట్ టేబుల్ మీద పెట్టాను. ఎంతసేపు చూసినా కుర్చీ కదల్లేదు. మహేశ్ అన్న ఫోన్ చేశాడు. "గది తేలికైంది చెల్లె." సంతోషమేసింది.

పొద్దున్నే నా లెక్కలు తెరిచి కుర్చీని చేర్చాను. కొన్న ధర వేశాను. వస్తువు పాతదైనా కొన్నవాళ్ల లెక్కలో కొత్తదే. తరుగుదల మళ్లీ మొదటినుంచి... పూర్తి విలువ మీద...

వేలు ఆగిపోయింది.

మూలన... ఉస్స్...

ఈసారి ఆ చప్పుడు ఆగలేదు. నిండు మనిషి కూర్చున్నట్టు కుర్చీ అడుగుదాకా దిగింది. చక్రాలు కిర్రుమన్నాయి. దగ్గరగా... ఇంకా దగ్గరగా వచ్చి నా పక్కన ఆగాయి.

టేబుల్ మీద బిస్కెట్ లేదు.

చెవి పక్కనే, తీరిగ్గా, నములుతున్న చప్పుడు.