జల్లెడలో ఎర్ర ఇసుక

“చేపలు ఎప్పుడు తేలాయండీ?”

గుమ్మంలో చెప్పులు విడవాలా వద్దా అని ఆలోచిస్తున్న లక్ష్మీప్రసన్నను లోపలున్న అబ్బాయి అడిగిన మొదటి మాట అది. భీమడోలు స్టేషన్ పక్క సందులో, చేపల చెరువుల మట్టినీ నీళ్ళనూ పరీక్షచేసే చిన్న ల్యాబ్. బల్ల నిండా సీసాలు.

“ఏ చేపలండీ?”

“మీ చెరువులోవి. కంగారు పడకండి. మేత ఆపేశారా? నీళ్ళు తెచ్చారా?”

“నాకు చెరువు లేదు. మీరు మా కాలేజీ నుంచి జల్లెడ పట్టుకెళ్ళారట. దాని కోసం వచ్చాను.”

అతను నాలిక కరుచుకున్నాడు. పేరు ఫణీంద్ర. ఫిషరీస్‌లో ఎమ్మెస్సీ చేసి సొంతంగా ల్యాబ్ పెట్టుకున్నాడు. తన జల్లెడ చిరిగిపోతే, తాడేపల్లిగూడెం కాలేజీలో క్రిస్టినా మేడమ్‌ను అడిగి ఒకటి తెచ్చుకున్నాడు. ఆ మేడమే ప్రసన్నకు పీహెచ్‌డీ గైడ్. వారంలో ఇస్తానన్న మనిషి వానలు మొదలైనా ఇవ్వలేదు.

“రేపు నేనే తెచ్చిచ్చేవాణ్ణండీ.”

“రేపు, రేపు అని మా అటెండరుతో ఫోన్లో చాలాసార్లే అన్నారట.”

అతను దాన్ని కుళాయి కింద కడిగి, విదిలించి, న్యూస్ పేపర్లో చుట్టి ఇచ్చాడు. అడుగున వెంట్రుక కూడా దూరనంత సన్నటి వల ఉన్న గుండ్రటి స్టీలు జల్లెడ అది.

“ఇంత సన్నదాంతో మీరేం జల్లిస్తారండీ?”

“దక్షిణ ధ్రువం మట్టి.”

వెటకారం అనుకుని అతను నవ్వాడు. ప్రసన్న నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఏలూరులో ప్యాసింజర్ ఎక్కేసరికి ఎదురు సీట్లో అతనే ఉన్నాడు. ఇద్దరిదీ ఏలూరే. రోజూ అదే బండిలో అతను భీమడోలులో, ఆమె గూడెంలో దిగుతున్నారు. ఇన్నాళ్ళూ చూసుకోలేదంతే.

“ఏవండీ, నిన్న నవ్వినందుకు ఏమీ అనుకోకండి. నిజంగా దక్షిణ ధ్రువం మట్టేనా?”

మాట్లాడకూడదనే అనుకుంది ప్రసన్న. కానీ తన పని గురించి ఎవరైనా అడిగితే ఊరుకోవడం ఆమెకు చేతకాదు. ఓడ మీద వెళ్ళినవాళ్ళు అక్కడి సముద్రం అడుగు నుంచి గొట్టంతో పొరలు పొరలుగా మట్టి తీశారనీ, అందులో కొంత తమ కాలేజీకి వచ్చిందనీ చెప్పింది.

“ఆ మట్టితో ఏం తెలుస్తుందండీ?”

“ఐసు ఎటు నడిచిందో తెలుస్తుంది.”

“ఐసు నడుస్తుందా?”

“నడుస్తుంది. మనకు కనిపించనంత మెల్లగా. కింద ఉన్న కొండల్ని గీక్కుంటూ వెళ్ళి, ఆ రాతిపొడిని సముద్రంలో పారేస్తుంది. ఆ రేణువు ఏ కొండదో కనిపెడితే, లక్షల ఏళ్ళ కిందట ఐసు ఏ దారిన వచ్చిందో చెప్పొచ్చు.”

“మా అమ్మమ్మ సంబంధాలు చూసేటప్పుడు చేసేదీ ఇదేనండీ. ఇంటిపేరేమిటి, అసలు ఊరేది, మధ్యలో ఎక్కడెక్కడ ఉన్నారు అని.”

“అంతే. కాకపోతే మా ఇసుక అబద్ధం చెప్పదు.”

ఆ మాటల్లో పడి అతను స్టేషన్ వచ్చిన సంగతే చూసుకోలేదు. కదులుతున్న బండిలోంచి దూకినంత పని చేశాడు. కిటికీలోంచి చూస్తున్న ప్రసన్నకు నవ్వు ఆగలేదు.

ఆ వర్షాకాలమంతా అలాగే నడిచింది. జల్లు పడని వైపు సీటు ఆమె కోసం ఉండేది. మన తూర్పు కనుమలూ దక్షిణాన ఆ ఐసు కింది కొండలూ ఒకప్పుడు ఒకటేననీ, విడిపోయి దూరమయ్యాయనీ ఆమె చెబితే, తోబుట్టువులన్నమాట అన్నాడతను. ఆమె టిఫిన్ డబ్బాలో అతని వాటాగా ఇడ్లీలు పెరిగాయి. స్కూల్ టీచరుగా పనిచేస్తూ ఒంటిచేత్తో కూతుర్ని పెంచిన వాళ్ళమ్మ రాజ్యం ఆ సంగతి గమనించింది గానీ అడగలేదు.

ఒకరోజు ప్రసన్న బండెక్కుతూనే చెప్పేసింది. ఒక పాత పొరలో గార్నెట్లు దొరికాయి. ఇప్పుడు ఆ మట్టి తీసిన చోటికి ఐసు తూర్పు లోయ గుండా వస్తోంది, ఆ లోయలో అవి లేవు. ఉన్నది పడమటి కొండల్లో. అంటే ఒకప్పుడు ఐసు దారే వేరు. ఈ మాట సెమినార్‌లో నిలబడితే, వచ్చే ఏడాది దక్షిణానికి వెళ్ళే ఓడలో ఆమెకూ చోటు దొరుకుతుంది.

“గార్నెట్ అంటే ఎలా ఉంటుందండీ?”

“సన్న ఇసుకే. దానిమ్మ గింజ రంగు.”

అతని ముఖం మారిపోయింది. “మంచిదండీ” అని మాత్రం అని, కిటికీ వైపు తిరిగాడు.

ప్రసన్నకు చివుక్కుమంది. అమ్మకంటే ముందు అతనికే చెప్పింది. ఓడెక్కి వెళ్ళిపోతుందనా ఆ ముఖం? మర్నాడు ఎదురు సీటు ఖాళీగా ఉంటే, అదే నిజమనుకుని పళ్ళు నూరుకుంది.

ఆ మధ్యాహ్నమే అతను కాలేజీకి వచ్చాడు. జేబులోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. చిటికెడు బూడిదరంగు ఇసుక. మధ్యలో దానిమ్మ గింజ రంగు రేణువులు.

“కొల్లేరు పక్కన చెరువు అడుగు మట్టండీ. తమ్మిలేరు తెచ్చిపోసే ఇసుక. మీ జల్లెడలో నేను చివరగా జల్లించింది ఇదే.”

అంటే తనకు దొరికినవి జల్లెడలో మిగిలిపోయిన ఈ చెరువు రేణువులే కావచ్చు. అక్కడి రాయీ ఇక్కడి రాయీ తోబుట్టువులు. ఏది ఏదో మెషిన్‌లో పెట్టినా తేలదు. పోనీ మళ్ళీ జల్లిద్దామంటే ఆ పొరలో మట్టి పిడికెడే, అంతా అయిపోయింది.

“ఇప్పుడా అండీ చెప్పేది?”

“ఆ ఎర్ర ఇసుకే గార్నెట్ అని నాకు నిన్ననే తెలిసిందండీ.”

“కడిగే ఇచ్చారుగా.”

“కుళాయి కింద కడిగాను. చేపల చెరువుకి అది చాలు. మీ పనికి చాలదేమోనని నిన్నటినుంచీ ఒకటే గుబులు.”

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు” అంది ప్రసన్న. ఆ మాట కోపంతో అందో ఆశతో అందో ఆమెకే తెలియలేదు.

“తెలిసేది కాదండీ. కానీ రోజూ మీ ఎదురుగా కూర్చోవాలి కదా నేను.”

“ఇక కూర్చోనక్కర్లేదు లెండి.”

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. పొట్లం బల్ల మీదే ఉంది.

కాసేపటికి ప్రసన్న వెళ్ళి క్రిస్టినా మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ అంతా విని, “ల్యాబ్‌లో మళ్ళీ శుభ్రం చేయకుండానే వాడావా?” అని అడిగింది. జల్లెడలు కడిగే మెషిన్ రిపేరులో ఉందని, తొందరలో తానూ కుళాయి కిందే కడిగానని ఒప్పుకుంది ప్రసన్న.

“అయితే తప్పు ఇద్దరిదీ. ఇద్దరూ కలిసి తేల్చుకురండి” అంది మేడమ్.

ఫోన్ చేయడానికి సాయంత్రం దాకా ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. పోల్చి చూడ్డానికి మట్టి కావాలి, ఆ చెరువు చూపిస్తారా అని మాత్రం అడిగింది. అతను ఇంకేమీ అడగకుండా ఆదివారం వస్తానన్నాడు.

చెరువు గట్టు మీద అతని బైకు దిగి ప్రసన్న సంచీలోంచి టేపూ గొట్టమూ తీయగానే, చెరువు యజమాని అప్పారావు పరుగున వచ్చాడు. కొల్లేరు ఆక్రమణ అంటూ చెరువు గట్లు తెగ్గొడతారని, ఆ చుట్టుపక్కల టేపు పట్టుకున్న మనిషిని చూస్తే అందరికీ భయమే.

“సర్వే వాళ్ళా?”

“సర్వే కాదు బాబాయ్. ఈవిడది దక్షిణ ధ్రువం” అన్నాడు ఫణీంద్ర.

“అది ఏ మండలంలోదిరా?” అన్నాడు అప్పారావు ఏమాత్రం తగ్గకుండా.

మట్టి తీయడం అయ్యేసరికి వాన అందుకుంది. ఇద్దరూ మేత బస్తాలుండే షెడ్డులోకి పరుగెత్తారు. చెరువంతా చినుకులతో ఉడుకుతున్నట్టుంది. దూరంగా గట్టు మీద కొంగలు రెక్కలు ముడుచుకుని, ఎవరి మీదో అలిగినట్టు నిలబడ్డాయి.

“నేనూ కుళాయి కిందే కడిగానండీ” అంది ప్రసన్న వాన వైపే చూస్తూ.

అతను ఆమె వైపు తిరిగాడు. “మరి ఆ రోజు చెప్పలేదే?”

“తిట్టే తొందర్లో ఉన్నాను.”

ఫణీంద్ర పెద్దగా నవ్వేశాడు. మళ్ళీ ఆ నవ్వు వినేసరికి ప్రసన్నకు కళ్ళు చెమర్చాయి. జల్లు మీద పడిందన్నట్టు పైట చెంగుతో తుడుచుకుంది.

ఆ వారమంతా మైక్రోస్కోపు దగ్గరే గడిచింది. రంగు ఒకటే, రాయి ఒకటే. కానీ చూడగా చూడగా ప్రసన్నకు తేడా అందింది. తమ్మిలేరు రేణువులు ఏళ్ళ తరబడి నీళ్ళలో దొర్లి మూలలు అరిగాయి, పగుళ్ళలో మన ఎండావానల తుప్పు పట్టింది. ఐసు మోసిన రేణువు అలా కాదు. రాయికీ ఐసుకీ మధ్య నలిగినా, దాని అంచులు నిన్ననే పగిలినంత పదునుగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరి చూస్తే, చెరువువి కొన్నే. తక్కినవన్నీ దక్షిణానివే.

ఆమె ముందుగా ఫోన్ చేసింది అతనికే. “బతికించారండీ” అన్నాడతను.

సెమినార్‌లో ఒక పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని సరిగ్గా అదే అడిగారు: “అమ్మాయ్, ఈ ఎర్ర గింజలు మీ ఊరివే కావని ఏమిటి నమ్మకం?” ప్రసన్న జల్లెడ సంగతి దాచకుండా చెప్పి, రెండు రకాల రేణువుల ఫోటోలూ పక్కపక్కనే చూపించింది. ఫణీంద్ర నోరు విప్పకపోయి ఉంటే ఆ ప్రశ్నకు తన దగ్గర ఏ జవాబూ ఉండేది కాదని ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. చప్పట్లు వినిపిస్తుంటే, ఆ గదిలో లేని మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఓడలో చోటు వచ్చింది. ఆ కబురు తెలిసిన ఆదివారం రాజ్యం అతన్ని టిఫిన్‌కు పిలవమంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పెసరట్టు ముందు బుద్ధిగా కూర్చున్నాడు ఫణీంద్ర. వాతావరణం గురించి, రైళ్ళ గురించి, చేపల ధరల గురించి మాట్లాడాడు. రాజ్యం అన్నీ విని, చట్నీ వడ్డిస్తూ అడిగింది.

“జల్లెడ సంగతి ఎవరూ అడక్కుండానే వచ్చి చెప్పావటగా బాబూ?”

“అవునండీ.”

“మరి ఈ సంగతి మాత్రం ఎందుకు అడిగించుకుంటున్నావు?”

వంటింటి గుమ్మంలో ప్రసన్న చేతిలోని అట్లకాడ ఆగిపోయింది. ఫణీంద్ర ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకోలేదు.

“మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుందండీ. ఓడ దిగి వచ్చాకే. అంతవరకూ ఎదురుచూస్తాను.”

“ఎక్కకముందే చేసేద్దాం” అంది రాజ్యం. “అప్పుడు నాతోపాటు ఎదురుచూడ్డానికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటాడు.”