మూడో పాటలో ఫిడిల్ లేదు

డిసెంబరు మొదటి శనివారం వచ్చిందంటే డ్రై ఫోర్క్ ఊళ్ళో కోల్బీ రాట్లిఫ్‌ను పట్టడానికి పగ్గాలు చాలవు. కొండమీది చిన్న రేడియో స్టేషన్లో కూర్చుని, ఆ ఏడాది వచ్చిన పల్లెపాటల, అతని మాటలో మట్టి సంగీతపు, ఆల్బముల్లో తనకు నచ్చిన పదింటి పేర్లు చదువుతాడు. చదవడమంటే మామూలుగా కాదు, ఉరిశిక్ష వేసే జడ్జీలా గొంతు బరువు చేసుకుని, ఒక్కో పేరుకీ మధ్య ఊపిరి పీల్చుకుని మరీ.

ప్రతి శనివారం రేడియోలో పాటలు వేసే అతను, వారంలో మిగతా రోజులు ఇనపసామాన్ల కొట్లో మేకులు అమ్ముతాడు. రొమ్ము దాకా గడ్డం, మోకాళ్ళ దగ్గర చిరుగులున్న రైతు ఓవరాల్స్. ఆ చిరుగులు కొన్నప్పుడే ఉన్నాయి.

"ఆవుకి పొదుగు ఏ వైపుంటుందో తెలియనివాడివి, నీకు ఈ వేషం దేనికిరా?" అని తల్లి వెర్లీ రోజూ అడుగుతుంది.

"ఇది వేషం కాదమ్మా, వారసత్వం."

"మీ నాన్న జన్మంతా సూటు వేసుకుని బ్యాంకులో కూర్చున్నాడు. ఎవరి వారసత్వంరా ఇది?"

ఈ ఏడు మొదటి స్థానం సైరస్ హాలో అనే కుర్రాడికి దక్కింది. అట్ట మీద అతని మొహమంతా బొగ్గు. వెనకాల మూడు కాళ్ళ కుక్క. దాని వెనకాల కూలిపోయిన గడ్డి కొట్టం. "గని కార్మికుడి మనవడు. ఆ గొంతులో దుమ్ము వినండి. నిజాయితీ అంటే ఇదీ!" అన్నాడు కోల్బీ మైకులో. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"ఇక మన ఊరి ఆల్బం గురించి రెండు ముక్కలు," అన్నాడు. "టాన్సీ బ్లెవిన్స్ గారిది. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. తప్పులేదు, మరకా లేదు. ఆ మరకే కదండీ సంగీతం!"

అసలు సంగతేమిటంటే, ఆ ఆల్బం అతను వినలేదు. టాన్సీ దాన్ని స్టేషన్ గుమ్మంలో పెట్టి వెళ్ళింది, పక్కన ఇంట్లో కాచిన ఆపిల్ బటర్ జామ్ సీసాతో సహా. కోల్బీ సీసాను అడుగంటా నాకేశాడు. ఆల్బంకి మాత్రం అట్ట చూశాడు. పసుపు రంగు వానకోటు వేసుకుని, వాళ్ళ సొంత లాండ్రీ ముందు నిలబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది టాన్సీ. కుక్క లేదు, కొట్టం లేదు, తుప్పు పట్టిన ట్రక్కయినా లేదు. లాండ్రీ ముందు మట్టి ఎక్కడినుంచి వస్తుంది అనుకుని పక్కన పడేశాడు.

స్టేషన్ తలుపు మీద 'లోపలికి రావద్దు' అని రాసి ఉంటుంది. ఆ ఊళ్ళో దాన్ని చదివినవాళ్ళు లేరు. కోల్బీ ఆ మాటలన్న కాసేపటికే తలుపు తోసుకుని పసుపు వానకోటు లోపలికి వచ్చింది. కోటు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండో మైకు ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నమస్కారం కోల్బీ గారూ. మూడో పాట ఎలా ఉంది?"

కోల్బీ గొంతులో గుటక పడిన చప్పుడు లోయంతా వినిపించింది.

"మూడో పాటా? పర్వాలేదు. ఫిడిల్ కాస్త ఎక్కువైంది. కొంచెం తగ్గించి ఉంటే గుండెకి తగిలేది."

"ఎంత తగ్గించమంటారు?"

"ఆఁ... సగానికి సగం."

"మూడో పాటలో ఫిడిల్ లేదు."

"అదే, నేను బాంజో అనబోయి..."

"బాంజో లేదు. గిటారూ లేదు. మా అమ్మమ్మ ఎఫీ ఒక్కతే వంటింట్లో కూర్చుని పాడింది. ఇప్పుడు ఇంట్లో రేడియో ముందు కూర్చుని వింటోంది. ఆవిడలో సగానికి సగం ఎట్లా తగ్గించాలో కాస్త చెప్పు బాబూ, వింటుంది."

కోల్బీ చేతికందిన పాట పెట్టేశాడు. అది సైరస్ హాలోది. దగ్గుతో మొదలైంది.

ఆదివారం చర్చిలో, గ్రంథం చదవకుండానే బోధించే అబద్ధపు ప్రవక్తల గురించి పాస్టరు చాలాసేపు చెప్పాడు. చెబుతున్నంతసేపూ కోల్బీ కూర్చున్న మూడో బెంచీ వైపే చూశాడు. సోమవారం కొట్టుకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "అబ్బాయ్, ఒక పౌండు మేకులు. ఫిడిల్ కాస్త తగ్గించి పొట్లం కట్టు."

ఆ సాయంత్రం వాన దంచికొడుతుంటే కోల్బీ ఇంటి ముందే ట్రక్కులో కూర్చుని ఆల్బం పెట్టాడు. తప్పులు వెతుకుదామనే పెట్టాడు. ఒక్క తప్పు దొరికినా కాస్త పరువు మిగులుతుందని ఆశ.

మూడో పాట వచ్చింది. ముందు రేకుల కప్పు మీద వాన చప్పుడు. ఏదో గిన్నె మూత గలగలమంది. "ఒసే, దాని మీద మూత పెట్టు, పొంగుతుంది," అని ముసలిగొంతు కసిరింది. తరవాత పాడింది. గనిలోకి దిగిన మొగుడి చొక్కా ఒకటి ఉతికి ఆరేసి, చీకటి పడ్డా తియ్యకుండా చూస్తూ కూర్చున్న ఆడదాని పాట. ఎక్కడా ఏడుపు లేదు. చొక్కా ఆరింది, మళ్ళీ తడిసింది, మళ్ళీ ఆరింది, అంతే.

కోల్బీ ట్రక్కు బయట వాన, లోపల వాన. ఏ వాన ఎవరిదో తెలియలేదు. అద్దాలు మసకబారాయి. మళ్ళీ పెట్టాడు. నాలుగో పాటలో టాన్సీ ఫిడిల్ అందుకుంది. చిన్నప్పుడు బడిబస్సు కిటికీలోంచి తన టోపీ విసిరేసిన పిల్ల చేతిలో ఇంత మెత్తదనం ఉందా అని నోరు తెరుచుకు కూర్చున్నాడు.

వెర్లీ గొడుగేసుకుని వచ్చి అద్దం మీద కొట్టింది. "బతికున్నావట్రా?"

"అమ్మా, నేను గాడిదని."

"ఆ సంగతి ఊరంతా శనివారమే విన్నది. రా, రొట్టె చల్లారిపోతోంది."

మర్నాడు కోల్బీ గడ్డం దువ్వుకుని లాండ్రీకి వెళ్ళాడు. చేతిలో కడిగి తుడిచిన ఆపిల్ బటర్ సీసా. టాన్సీ ఎవరివో దుప్పట్లు మడతపెడుతోంది. సీసాను పైకెత్తి వెలుగులో చూసింది.

"ఖాళీ సీసా తెచ్చావా? నిండు సీసాకి ఖాళీ సీసా తిరిగిచ్చినవాణ్ణి ఈ కొండల్లో మొదటిసారి చూస్తున్నాను. వెర్లీ అత్త ఇలా పెంచిందా నిన్ను?"

"కంగారులో..."

"వినే తీరిక లేదు, నింపే తీరిక లేదు, తినడానికి మాత్రం ఉంది."

"టాన్సీ, ఆల్బం విన్నాను. జాబితా మార్చేస్తాను. ఈ శనివారమే నీది మొదటిది అని రేడియోలో చెబుతాను."

టాన్సీ దుప్పటి కింద పెట్టింది. "అది ర్యాంకా, జరిమానానా? దొంగ దొరికిపోయాక పర్సు తిరిగిచ్చి, పైన ఒక దండ వేస్తానంటే ఎట్లా? నాకక్కర్లేదు."

"నిజంగా బాగుంది! ప్రతి పాటా అమృతం."

"ప్రతి పాటా?"

కోల్బీ అవునని తల ఊపబోయాడు. ఊపితే గండం గడిచేది. కానీ ఈ ఒక్క విషయంలో అతనికి అబద్ధం చేతకాదు. శనివారం చెప్పింది అబద్ధం కాదా అంటే, అది వినకుండా చెప్పింది. విన్నాక చెప్పడం రాదు.

"ఏడోది బాగోలేదు," అన్నాడు నేలచూపులు చూస్తూ. "కోడిపుంజు కూత, కంచరగాడిద, నాటుసారా, బొగ్గు, అన్నీ కుక్కి పెట్టావు. మిగతా పాటలు నువ్వు పాడావు. అది ఎవరినో మెప్పించడానికి పాడినట్టుంది."

ఆరబెట్టే యంత్రం ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. అందులో ఎవరి బొత్తామో టకటకమంటోంది. టాన్సీ చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్ను మెప్పించడానికే పాడాను," అంది.

"నన్నా?"

"ప్రతి శనివారం వింటాను. మట్టి, మట్టి అని చస్తావుగా! సరే, ఈయన గారి పదింటిలో పడాలంటే కోడిపుంజు కావాలి కాబోలు అనుకున్నాను. దాన్ని పట్టుకుని కూయించడానికి మోచేయి గీరుకుపోయింది. చివరికి నువ్వు ఆ ఏడో పాట దాకా రానేలేదు."

ఏటా పది పేర్లకు వంద విశేషణాలు వెతికే కోల్బీ ఒక దుప్పటి అంచు అందుకుని మడతపెట్టబోయాడు.

"క్షమించు" అనేసరికి ఆమె దుప్పట్లన్నీ మడిచేసింది.

"మాటలొద్దు. నీ ఇంట్లో గోడకి ఒక బాంజో వేలాడుతుందట గదా?"

"అది... ఉంది. నేను నలుగురిలో వాయించను."

"తెలుసు. ఆడలేనివాడికే మద్దెల మీద అభిప్రాయాలు ఎక్కువ. శనివారం పాత బడిలో మేమంతా గుండ్రంగా కూర్చుని వాయించే వలయానికి రా. వచ్చి కూర్చుని వాయించు. రాకపోతే ఇక నా గుమ్మం తొక్కకు."

శనివారం మధ్యాహ్నం పాత బడి గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. పక్కన పొయ్యి మీద చిక్కుడుగింజలు పెద్ద కుండలో ఉడుకుతున్నాయి. ఎఫీ అవ్వ ఊతకర్ర ఒళ్ళో పెట్టుకుని వాటికి కాపలా కూర్చుంది. కోల్బీ ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, లాండ్రీనుంచి వెనక్కి తీసుకుపోయిన ఆపిల్ బటర్ సీసా ఇచ్చాడు. ఈసారి నిండా తేనె ఉంది.

"నువ్వేనటయ్యా నన్ను సగం కోసేస్తానన్నది?"

"తప్పయిపోయింది అవ్వా."

"ఆ మొదటి ఆల్బం కుర్రాడి బొమ్మ చూపించారు నాకు. మొహం నిండా బొగ్గేసుకుని ఫొటో దిగాడు. గనిలో పనిచేసిన మా ఆయన అలా దిగి ఉంటే వాళ్ళమ్మ చీపురు తిరగేసేది. మాకున్నవే రెండు ఫొటోలు, రెండింటికీ తలంటుకున్నాం." ఆవిడ అతని ఓవరాల్స్ చిరుగులు చూసింది. "ఇలా ఇచ్చిపో, కుడతాను."

వలయంలో ఒక కట్టుబాటు ఉంది. పాట ఎవరు ఎత్తుకుంటే వాళ్ళదే. అది చివరికి రాగానే మళ్ళీ మొదటికి వచ్చి చుట్లు తిరుగుతూనే ఉంటుంది. ఇదే ఆఖరు చుట్టు అని చెప్పాలంటే ఎత్తుకున్నవాళ్ళు కాలు పైకెత్తుతారు. అంతదాకా మిగతావాళ్ళు ఆపకూడదు.

టాన్సీ ఫిడిల్ భుజానికెత్తి మొదలుపెట్టింది. కోల్బీ మొదటి చుట్టులో మూడు స్వరాలు సరిగ్గా, మిగతావి దేవుడి దయవల్ల వాయించాడు. రెండో చుట్టులో చెమటలు పట్టాయి. ఇక అయిపోతుందని టాన్సీ కాలు వైపు చూశాడు. బూటు నేలకు అతుక్కుని ఉంది.

పాట తిరుగుతోంది. పక్కనున్న గిటారాయన కోల్బీని చూసి కన్నుగీటాడు. మరో చుట్టు. మరో చుట్టు. వేళ్ళు మండుతున్నాయి. టాన్సీ కళ్ళు అతని మీదే ఉన్నాయి, పెదవి చివర నవ్వు బిగపట్టి ఉంది. ఇది నా శిక్ష అని కోల్బీకి అర్థమైంది.

తలొంచుకుని వాయించాడు. కాసేపటికి తన తప్పులు లెక్కపెట్టడం మరిచిపోయాడు. ఇంకాసేపటికి పక్కవాళ్ళవి వెతకడమూ మరిచిపోయాడు. చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఇది మంచిదా, గొప్పదా, ఎన్నోది అన్న ఆలోచనే లేకుండా పుట్టిన దగ్గర్నుంచి అతను ఒక్క పాట విన్నది లేదు. ఇదే మొదలు.

అప్పుడు టాన్సీ కాలు ఎత్తింది.

"బతికావు," అంది నుదురు తుడుచుకుంటూ. "వరస నీది. ఎత్తుకో."

కోల్బీకి వచ్చింది ఒకే ఒక్క పాట, బడిపిల్లలు నేర్చుకునేది. అదే ఎత్తుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, అందరూ కలిశారు. టాన్సీ ఫిడిల్ అతని బాంజో వెనకే, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టు నడిచింది.

చుట్టు తిరిగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ. వలయంలో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"కోల్బీ, కాలు," అన్నాడు గిటారాయన.

కోల్బీ వినిపించుకోలేదు.

"మరిచిపోయావా? కాలెత్తు," అంది టాన్సీ ముందుకు వంగి.

"మరిచిపోలేదు."

"మరి ఎత్తవేం?"

"ఎత్తితే అయిపోతుంది కదా," అన్నాడు.

టాన్సీ ఫిడిల్ కమాను ఒక్క క్షణం తడబడింది. ఆ రోజంతా ఆమె చేసిన తప్పు అదొక్కటే. తరవాత ఆమె తన కుర్చీని అతని కుర్చీ దగ్గరికి జరుపుకుంది, వాయించడం ఆపకుండానే. మోకాలికి మోకాలు తగిలింది.

"ఇదెన్నో ర్యాంకు మరి?" అంది గొంతు తగ్గించి.

"నేనిక లెక్కపెట్టడం లేదు."

పాట తిరుగుతూనే ఉంది. కిటికీ బయట వాన మొదలైంది. గిటారాయన వేళ్ళు ఊదుకుంటున్నాడు, అయినా ఆపే హక్కు లేదు. ఎఫీ అవ్వ కుండలోకి చూసింది, ఇద్దరి మోకాళ్ళూ చూసింది, మళ్ళీ కుండలోకి చూసింది. లేచి నెమ్మదిగా వచ్చి, ఊతకర్ర వంపును కోల్బీ చీలమండకి తగిలించి, అతని కాలు పట్టున పైకి లేపింది.

"మిగతాది పెళ్ళయ్యాక వాయించుకుందురు గాని," అంది. "ముందు తినండి, గింజలు మాడిపోతున్నాయి."