ఇంకా పెద్దదనుకున్నాను

"పదకొండు గంటలకు హెరింగ్ నీ పడవ ఎక్కుతుంది. పన్నెండుకల్లా ఆ మనిషిని ప్రాణాలతో ఒడ్డుకు చేర్చాలి. అంతే," అన్నాడు గుడ్మున్, దాల్చినచెక్క రొట్టె సగం కొరుకుతూ.

కుర్చీలో కూర్చుని ఆర్డర్లు వేసేవాళ్ళకు 'అంతే' అనడం ఎప్పుడూ తేలికే. టోర్కిల్‌కి కోపెన్‌హేగన్‌లో గూఢచారి ఉద్యోగం చేస్తూ పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అందులో పన్నెండేళ్ళు ఒకటే మారువేషం: కాలువల మీద తిరిగే టూరిస్టు పడవలో గైడు. ఆ వేషం ఎంత బాగా అతుక్కుపోయిందంటే, ఇప్పుడు తను గైడు కాదని చెబితే సొంత చెల్లెలు కూడా నమ్మదు. హెడ్డాఫీసులో కోడ్ పేర్లన్నీ ఎవరో ఒకరి లంచ్ పళ్ళెంలోంచి పుడతాయి కనక ఈసారి వచ్చే మనిషికి చేప పేరు దొరికింది.

"ఆడా, మగా?" అడిగాడు టోర్కిల్.

"తెలీదు. ఒక విదేశీ ఎంబసీలో సైఫర్ క్లర్కు. రహస్య సందేశాలను అంకెల్లోకి మార్చే పని. మన రహస్యాలు కొనే ముఠా ఒకటుంది కదా, మన ఆఫీసులో దానికి అమ్ముడుపోయిందెవరో ఆ మనిషికి తెలుసు. కాగితం మీదేం లేదు, అంతా బుర్రలోనే. మూడు రోజుల టూరు పేరుతో వస్తోంది. ఫోటో లేదు. ముఠాకీ మొహం తెలీదు, మనకీ తెలీదు."

"మరి నేనెలా గుర్తుపట్టను?"

"కోడ్ ఉందిగా! నేనే తయారుచేశా." గుడ్మున్ వేళ్ళకంటిన చక్కెర నాక్కున్నాడు. "పడవ జలకన్య బొమ్మ దగ్గరికి రాగానే హెరింగ్ ఒక మాటంటుంది. 'ఇంకా పెద్దదనుకున్నాను.' దానికి నువ్వు 'ఆకారం చిన్నదైనా ఓపిక పెద్దది' అనాలి. ఎంత మామూలుగా ఉందో చూడు. ఎవడికీ అనుమానం రాదు."

టోర్కిల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"గుడ్మున్, నువ్వెప్పుడైనా ఆ బొమ్మ చూశావా?"

"నేనెందుకు చూస్తాను? ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి."

"తెలుస్తూనే ఉంది. అక్కడికొచ్చిన ప్రతివాడూ మొట్టమొదట అనే మాట అదేనయ్యా!"

"మరీ చెప్తావు. ఒకరిద్దరు అంటారేమో."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. జలకన్య కథ కూడా అంతే. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఆమెను చూడటానికి విమానాలెక్కి వస్తారు. కోపెన్‌హేగన్‌లో పుట్టినవాడు మాత్రం చచ్చినా అటు వెళ్ళడు. పొరపాటున ఆ దారిన పోవలసి వస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు. అలాంటి ఊరి పెద్దమనిషి, అలాంటి ఆఫీసులో కూర్చుని, చూడని బొమ్మ మీద కోడ్ తయారుచేశాడు. టోర్కిల్‌కి ఒళ్ళు మండింది.

"మార్చు," అన్నాడు.

"ఎలా మార్చను? హెరింగ్‌కి మాట వెళ్ళిపోయింది. తోడుగా సోల్వైని పంపిస్తున్నాలే."

సోల్వై పేరు చెప్పగానే ఆఫీసులో మగవాళ్ళందరూ టైలు సర్దుకుంటారు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోందనీ, నిజానికి ఆమె మన మనిషేననీ గుడ్మున్ నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో చెప్పగలిగింది, టోర్కిల్ లెక్కలో, ఒక్క హెరింగే. ఆ మనిషి ప్రాణం ఇప్పుడు ఒక పనికిమాలిన కోడ్ మీద వేలాడుతోంది.

సోల్వై మెట్ల దగ్గర ఎదురుచూస్తోంది. ద్రాక్షపండు రంగు కోటు, ఎత్తు మడమల చెప్పులు, వీధి చివరిదాకా వెళ్ళే సెంటు వాసన. ఇద్దరూ రేవు వైపు నడిచారు. దారిలో ఎర్రదీపం పడింది. రోడ్డు మీద పురుగు లేదు. అయినా ఇద్దరూ ఆగారు. వెనకనుంచి వచ్చిన టూరిస్టుల గుంపొకటి వాళ్ళను తోసుకుంటూ దాటిపోయింది.

"అనాగరికులు," అంది సోల్వై ముక్కు చిట్లించి.

"ఆ ఒక్క విషయంలో నీతో ఏకీభవిస్తాను," అన్నాడు టోర్కిల్.

పడవ దగ్గర ఆమె ఒక పొడుగుమనిషిని పరిచయం చేసింది. "ఇతను ప్రేబెన్. మన డిపార్ట్‌మెంటే. ఈ కాలువ అవతల పుట్టి పెరిగాడు. నువ్వు ఆ బదులు మాట హెరింగ్‌కి చెప్పు చాలు, మిగతాది మేమిద్దరం చూసుకుంటాం."

ప్రేబెన్ మాటలో యాస పట్టుకోవడానికి సందు లేదు. కోటు ఇక్కడిదే, వానను తిట్టడం కూడా ఇక్కడి పద్ధతే. చేతిలో లావుపాటి పెన్ను ఒకటి తిప్పుతున్నాడు. "నువ్వు ఆ మనిషిని చూపించు బ్రదర్, చిటికెలో పనైపోతుంది," అన్నాడు నవ్వుతూ. ఏ పనో చెప్పలేదు.

పదకొండుకి పడవ కదిలింది. టోర్కిల్ ముందు భాగంలో, దారికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి మైకు పట్టుకున్నాడు. వెనక, ఇంజిను పక్కన, పడవ నడిపే బోదిల్. ఆమెకు యాభై అయిదేళ్ళు. టూరిస్టులంటే టోర్కిల్‌కి అసహ్యం, ఆమెకు పగ.

మధ్యలో గొర్రెల మంద. రాజభవనం ఎదురుగా ఉన్నా ఫోన్‌లో రాజభవనం వెతుక్కునేవాళ్ళు, వానకోటు వేసుకుని వాన మీద ఫిర్యాదు చేసేవాళ్ళు, పక్కవాడు ఫోటో తీశాడు కాబట్టి తనూ తీసేవాడు. మూడు రోజుల్లో ఒక ఊరిని 'చూసేశాం' అనుకునే జాతి ఇది. వీళ్ళలో ఒకరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. టోర్కిల్ గొడుగు పిడిలో హెడ్డాఫీసు అమర్చిన కెమెరా ఉంది. దాన్ని అమర్చినప్పటినుంచి గొడుగు విచ్చుకోవడం మానేసింది.

పడవ జలకన్య దగ్గరికి వచ్చింది. నీటి వైపునుంచి కనిపించేది ఆమె వీపు మాత్రమే.

"అయ్యో, ఇంకా పెద్దదనుకున్నాను!" అంది మొదటి బెంచీలో లావుపాటి ఆవిడ.

"ఇంతేనా? ఇంకా పెద్దదనుకున్నానే!" అన్నాడు ఆమె మొగుడు.

"పెద్దదనుకున్నాం కదే!" "మరీ ఇంత చిన్నదా? నేను పెద్దదనుకున్నాను!" "ఫోటోలో పెద్దదిగా ఉందండీ!"

కొండను తవ్వి ఎలుకను పట్టిన మొహాలతో, తెలిసిన భాషల్లోనూ తెలియని భాషల్లోనూ, మంద మొత్తం అదే కూత కూసింది. టోర్కిల్ లోపల్లోపలే గుడ్మున్‌ని వంశంతో సహా తిట్టుకున్నాడు. సోల్వై రెండో బెంచీలోంచి అతన్నే చూస్తోంది. బదులు మాట నోట్లోంచి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తోంది. ఎవరికి చెప్పాలి? తప్పు మనిషికి చెబితే హెరింగ్ అనాథ అయిపోతుంది.

అప్పుడు అతని మోకాలి దగ్గరనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఇంత పెద్దదనుకోలేదు బాబూ."

మొదటి బెంచీ చివర ఒక ముసలావిడ. చవకరకం వానకోటు, ఒళ్ళో సంచీ, సంచీలో స్వెటరు అల్లిక. అందరిలాగే బొమ్మ వీపు వైపు చూస్తోంది. కాని సంచీ మీద ఉన్న వేళ్ళు వణుకుతున్నాయి.

పన్నెండేళ్ళలో, వేల మంది నోట, టోర్కిల్ ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు. అర్థమైంది. పడవంతా అనే మాటకు కోడ్‌గా విలువ పోయిందని ఈవిడ క్షణంలో గ్రహించింది. గ్రహించి తిరగేసి చెప్పింది. హెడ్డాఫీసు మొత్తంలో లేని బుర్ర ఈ వానకోటులో ఉంది. ఆ ఉదయం మొదటిసారి టోర్కిల్‌కి ఒక మనిషి మీద గౌరవం కలిగింది. వెంటనే భయం కూడా కలిగింది, ఆమె కోసం.

బదులు చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాడు. మధ్య బెంచీలో ప్రేబెన్ లేచి, మెడ సాచి, ఫోన్ ఎత్తి జలకన్యకు ఫోటో తీస్తున్నాడు. అదీ వీపుకి. ఒకటి చాలక రెండు.

కాలువ అవతల పుట్టినవాడట! ఎర్రదీపం దగ్గర ఆగడం నేర్పారు, వానను తిట్టడం నేర్పారు, యాస లేకుండా మాట్లాడటం నేర్పారు. కాని ఈ బొమ్మను చీదరించుకోవడం వాడికెవరూ నేర్పలేదు. వాడు మన మనిషి కాడు. వాడికి హామీ ఇచ్చిన సోల్వై కూడా మన మనిషి కాదు. ఆ లావు పెన్నులో ఉన్నది సిరా కూడా అయి ఉండదు. బదులు మాట ఎవరికి చెబితే వాళ్ళే చస్తారు.

టోర్కిల్ ఏమీ వినబడనట్టు మైకులో కబుర్లు మొదలుపెట్టాడు. ఈ బొమ్మకు రెండుసార్లు తల నరికారని చెప్పాడు. మంద ఆనందించింది. పడవ మలుపు తిరిగి ఊరి లోపలి కాలువల్లోకి దూరింది.

సోల్వై ముందుకు వంగింది. "ఎవరది? చెప్పు!"

"ఆగు. అనుమానంగా ఉంది."

"టైం లేదు టోర్కిల్. రేవు వచ్చేస్తోంది."

ఆమె చూపు బెంచీ తర్వాత బెంచీ జల్లెడ పడుతోంది. ముసలావిడ వేళ్ళ మీద ఒక క్షణం ఆగింది. ముసలావిడ అల్లిక బయటికి తీసి సూదులు కదిలించడం మొదలుపెట్టింది. సోల్వై కళ్ళు చిన్నవయ్యాయి. ప్రేబెన్ వైపు తల తిప్పబోయింది.

టోర్కిల్ దారికి వీపు పెట్టి నిలుచున్నా, ఎక్కడున్నాడో అతనికి తెలుసు. కుడి పక్క ఆకుపచ్చ కిటికీలు దాటాయంటే కోట కాలువ మీది పాత రాతి వంతెన ఇక పది బారల దూరం. దాని కింద కూర్చున్నవాడు బతుకుతాడు, నిలబడ్డవాడి పని అయిపోతుంది. పన్నెండేళ్ళుగా రోజుకు ఆరుసార్లు ఆ మాట చెబుతున్నాడు. చెవిటివాడి ముందు శంఖం. ఎవడో ఒకడు లేస్తూనే ఉంటాడు, బోదిల్ తిడుతూనే ఉంటుంది.

"అందరూ తలలు వంచండి! వంతెన! తల ఎత్తినవాళ్ళకు డబ్బు వాపసు లేదు!" అని మూడు భాషల్లో అరిచాడు.

డబ్బు మాట వినగానే మంద మొత్తం వంగింది. సోల్వై కూడా వంగింది. ఆమెది ఈ ఊరే, చిన్నప్పటినుంచి అలవాటు. టోర్కిల్ మోకాళ్ళ మీద కూలబడుతూ మైకు నోటికి ఆనించి, పడవ వెనక వైపు చూస్తూ గట్టిగా అన్నాడు:

"చివరి బెంచీలో ఉన్న పెద్దాయనకు నా జవాబు. ఆకారం చిన్నదైనా ఓపిక పెద్దది!"

ఇంజిను హోరుకి చివరి బెంచీలో ఎవరూ కూర్చోరు. ఆ సంగతి ప్రేబెన్‌కి తెలీదు. ఎక్కినప్పటినుంచి వాడి చూపు కట్టడాల మీదే ఉంది. బదులు మాట చెవిన పడగానే పెన్ను మూత ఊడదీసి, వెనక్కి తిరిగి, ఆ పెద్దాయన ఎవరా అని నిటారుగా లేచాడు.

"కూర్చో!" సోల్వై కేక సగంలో ఉండగానే వంతెన వచ్చింది.

కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. పెన్ను కాలువలో పడింది. ప్రేబెన్ ఇద్దరు టూరిస్టుల ఒళ్ళో పడ్డాడు. వాళ్ళు ముందు ఫోటో తీశారు, తర్వాత అరిచారు.

"చెప్తే వింటారా వెధవలు!" అని బోదిల్ వెనకనుంచి అలవాటుగా తిట్టి, పడవను రాతిమెట్ల పక్కకు తెచ్చింది.

పడవ మెట్లకు తగిలీ తగలకముందే సోల్వై దూకింది. "బోదిల్, ఈ పెద్దావిడ జాగ్రత్త! వాణ్ణి తాడుతో కట్టెయ్!" అని టోర్కిల్ వెనకే దూకాడు. కాని అతనికి నలభై ఎనిమిదేళ్ళు, ఆమెకు ముప్పై. ఎత్తు మడమల చెప్పులు విసిరేసి, ఉత్త కాళ్ళతో ఒడ్డెక్కి, లేడిలా పరిగెత్తింది. వీధి దాటితే అవతల సందులు. సందుల్లోకి దూరితే ఇక దొరకదు.

వీధి అంచున ఎర్రదీపం వెలిగింది.

కనుచూపు మేరలో వస్తున్న కారు ఒక్కటీ లేదు, సైకిలైనా లేదు. సోల్వై ఆగింది. ఆలోచించి ఆగలేదు, కాళ్ళు వాటంతటవే ఆగాయి. రెండు క్షణాలే. టోర్కిల్ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

ఆమె తన పాదాల వైపు నమ్మలేనట్టు చూసుకుంది. "ఛీ," అంది. "దాటాల్సింది."

"నీవల్ల కాదమ్మా," అన్నాడు టోర్కిల్ రొప్పుతూ. "దేశాన్ని అమ్మావు గానీ పెంపకాన్ని అమ్ముకోలేకపోయావు."

ఒడ్డు వెంట పడవను కనిపెట్టుకుంటూ వచ్చిన ఆఫీసు కారు వీధికి అవతల ఆగింది. పచ్చదీపం వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

పన్నెండింటికి ఆ కారూ, బోదిల్ పడవా రేవు చేరేసరికి గుడ్మున్ ఎదురొచ్చాడు, చొక్కా మీద రొట్టె పొడితో. సోల్వై చేతులకు బేడీలు చూసి మొహం పాలిపోయింది. ఎంతైనా ఆఫీసరు కనక నిమిషంలో తేరుకున్నాడు.

"చూశావా? నా కోడ్ ఎంత బాగా పనిచేసిందో!"

టోర్కిల్ ముసలావిడకు చెయ్యందించి ఇంకో కారు ఎక్కించాడు. ఆమె పేరు ఇర్మా అని అప్పుడే చెప్పింది. కారు కదలకముందే మూడు పేర్లు కూడా చెప్పింది. మొదటిది సోల్వై. తక్కిన రెండూ గుడ్మున్ పక్క గదుల్లోవి.

"నాకు అర్థమవుతుందని ఎలా అనుకున్నారమ్మా?" అడిగాడు టోర్కిల్. "ఆ మాట తిరగేసి చెప్తే నేను పట్టుకోకపోయుంటే?"

"ముప్పై ఏళ్ళు కోడ్‌లతోనే పని చేశాను నాయనా. పడవంతా అరిచేది కోడ్ ఎలా అవుతుంది? నీక్కాస్త బుర్రుంటే పట్టుకుంటావు, లేకపోతే నా ఖర్మ అనుకున్నా." ఆమె వేళ్ళు ఇప్పుడు వణకడం లేదు. అల్లిక మళ్ళీ మొదలుపెట్టింది.

కారు చాలా దూరం వెళ్ళాక టోర్కిల్ ఉండబట్టలేక అడిగాడు. "ఒక్కటి నిజం చెప్పండి. ఆ బొమ్మ చూడగానే మీకేమనిపించింది?"

ఇర్మా ముందు డ్రైవరు వైపు, తర్వాత వెనక అద్దం వైపు చూసి, ఎవరూ వినడం లేదని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది.

"ఇంకా పెద్దదనుకున్నాను."