ఎనిమిది తీగల్లో నాలుగు

ఇంటర్వ్యూ సాయంత్రం నాలుగింటికి. రెండున్నరకి నెట్ స్పీడ్ చూస్తే ముల్లు పది దాకా పాకి, అక్కడే ముసలి గేదెలా కూలబడింది. మూడు వందలు రావాల్సిన లైను.

"చచ్చావే," అంది ఆమె కంప్యూటర్‌తో.

ఇంట్లో ఆమెని అందరూ ప్లీడరు అంటారు. కోర్టు మెట్లెక్కిన మనిషి కాదు. పసిపిల్లగా ఉన్నప్పుడు దాని ఏడుపులో కూడా పాయింట్లు ఉండేవని అమ్మ చెప్పుకునేది. కాలేజీ చర్చల్లో నాలుగేళ్ళు ఎదుటివాళ్ళ నోళ్ళు మూయించిన ఆ నోరే ఇప్పుడు ఆమెకి దారి చూపించాలి. ఈ ఉద్యోగం వస్తే ఈ ఇల్లు వదిలిపోవచ్చు. అక్క పోయి ఎనిమిది నెలలైంది. మూడు రోజుల జ్వరం, అంతే. అప్పటినుంచీ ఈ ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెడుతున్నారు. వాదించడానికి ఒక్క మనిషి మిగల్లేదు. వాదన లేని ఇంట్లో ప్లీడరు ఎంతకాలం బతుకుతుంది?

ఫోన్‌లో కుదరదు, తీగ లైను ఉన్న కంప్యూటరే కావాలని వాళ్ళు ముందే రాశారు. సరే, రూటర్ ఆపి పెట్టింది. కేబుల్ మార్చింది. కంప్యూటర్‌లో తెరిచి ఉన్నవన్నీ మూసింది. పది. చివరికి కెమెరా పగిలిన పాత లాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్ళి, హాల్లో రూటర్‌కే నేరుగా తగిలించింది. మూడు వందలు, గుర్రంలా. దాన్నే తన గది సాకెట్‌కి తగిలిస్తే మళ్ళీ పది.

అంటే రోగం రూటర్‌ది కాదు, కంప్యూటర్‌ది కాదు. రెంటి మధ్యా ఉన్న గోడది.

అన్నయ్యకి ఫోన్ చేసింది. అన్నయ్య వృత్తే అది, ఆఫీసులకీ ఇళ్ళకీ నెట్ కేబుళ్ళు లాగడం. ఈ ఇంటి గోడల్లో ఉన్న ప్రతి తీగా అతని చేతి మీదుగా వెళ్ళిందే.

"గోడలో ఏముంటుందే! పైనుంచే ప్రాబ్లం. పది రోజులుగా చెప్తున్నా కదా, కంపెనీవాళ్ళు చూస్తున్నారు."

"రూటర్ దగ్గర మూడు వందలు, నా గదిలో పది. కంపెనీ వచ్చి మన గోడలో కాపురం పెట్టిందా అన్నయ్యా?"

అవతల బండి తాళం తిప్పిన చప్పుడు.

"నువ్వేం విప్పకు. నేనొస్తున్నా. నాలుగు దాటేదాకా ఆగు."

ఫోన్ పెట్టేశాడు. ఇంటర్వ్యూ నాలుగింటికని తెలిసినవాడు, నాలుగు దాటేదాకా ఆగమంటాడేమిటి?

కంప్యూటర్ని హాల్లోకి మోసుకొచ్చేస్తే ఆ రోజు గొడవే ఉండేది కాదు. ఆమెకీ తట్టింది. కానీ తప్పెవరిదో తేలకుండా లేచిపోతే ఆమె ప్లీడరెలా అవుతుంది? బయట మబ్బు పట్టి, మూడింటికే ఇంట్లో దీపాలు వేయాల్సినంత చీకటి పడింది. అన్నయ్య పెట్టెలోంచి కత్తెర తీసి జేబులో వేసుకుంది, టెస్టర్ తీసింది. అగ్గిపెట్టెలంత రెండు డబ్బాలు. రూటర్లోంచి కేబుల్ కొస పీకి ఒక డబ్బాకి పెట్టింది. తన గదిలో గోడ సాకెట్‌కి రెండోది పెట్టింది. లోపల తీగ బాగుంటే ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ దీపాలు వరసగా వెలగాలి.

ఒకటి. రెండు. మూడు. ఆరు.

నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది వెలగలేదు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అన్నయ్య అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఈ రంగుల వరస ఎక్కంలా వల్లె వేయించాడు. అందుకే ఆమెకి చూడగానే తెలిసింది. నీలం జంటా, గోధుమరంగు జంటా లేవు. ఎలుక కొరికితే లెక్క చూసుకుని కొరకదు. ఇది మనిషి చేసిన పని.

సాకెట్ మూత విప్పింది. నాలుగు తీగలు ఆమె సాకెట్లోకి వస్తున్నాయి. మిగతా నాలుగూ వెనక్కి వంగి, ఇంకో కొత్త కేబుల్‌తో ముడిపడి, గోడలోనే పైకి పోతున్నాయి. ముడి మీద పసుపు టేపు. టేపు కొస చిన్న త్రికోణంలా మడిచి ఉంది, రేపు విప్పాల్సొస్తే గోరుకి అందాలని.

అలా మడిచేవాడు లోకంలో ఒక్కడే.

ఒక కేబుల్‌ని రెండుగా చీల్చడం వాళ్ళ పనిలో గతిలేనప్పటి కిటుకు. నాలుగు తీగలు నీకు, నాలుగు నాకు. రెండూ నడుస్తాయి, రెండూ కుంటుతూ నడుస్తాయి. పది రోజులుగా కళ్ళలోకి చూసి కంపెనీ అన్నాడు, పైన అన్నాడు. జామకాయైనా, పెన్సిలైనా, మంచమైనా అక్కాచెల్లెళ్ళకి సరిగ్గా సగం కోసి ఇచ్చిన అన్నయ్య. ఆ చేత్తోనే!

ఆమె కోపానికి చెవులు వేడెక్కాయి. గోడ పైన బయటికొచ్చిన కొత్త కేబుల్ ఎటు పోయిందో కళ్ళతో వెతికింది. నడవాలోకి. నడవా మీది అటకలోకి.

అటక కింద కుర్చీ వేసుకుని అమ్మ కూర్చుని ఉంది. ఈ మధ్య రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చుంటోంది. చల్లగా ఉంటుందంటే ఆమె నమ్మింది.

"అమ్మా, అటక మీద ఏముంది?"

"పాత సామాన్లే," అమ్మ గుసగుసగా అంది. "ఎక్కకే, బల్లులు."

"బల్లులకి నెట్ ఎందుకమ్మా?"

అమ్మ కుర్చీ పక్కకి జరుపుకుంది. అడ్డు పడలేదు... అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

నిచ్చెన వేసుకుని ఎక్కింది. తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. వేడెక్కిన దుమ్ము వాసన. దాని వెనకే మరో వాసన, తలనొప్పి మందుది. అక్క రోజూ కణతలకి రాసుకునేది. చీకట్లో ఏదో టిక్... టిక్... అంటోంది. పాత పరుపు చుట్ట పక్కకి నెట్టింది.

అక్క కంప్యూటర్.

ఎవరికో ఇచ్చేశానని అన్నయ్య చెప్పిన కంప్యూటర్. ఆన్‌లో ఉంది.

తెర మీద వీడియో కాల్ నడుస్తోంది. మొదలై రెండు వందల నలభై గంటలని కింద అంకెలు చెబుతున్నాయి. సరిగ్గా పది రోజులు. తెరలో కనిపిస్తున్నది ఓ గది. మంచం, తలుపుకి వేలాడుతున్న ఇస్త్రీ చేసిన నీలం కుర్తా, ఖాళీ కుర్చీ.

ఆమె గది. ఆమె కంప్యూటర్ కెమెరాలోంచి.

పది రోజులుగా ఇక్కడ కూర్చుని ఎవరు చూశారు తనని? నిద్రలో, బట్టలు మార్చుకుంటున్నప్పుడు, అద్దం ముందు ఇంటర్వ్యూకి సాధన చేస్తున్నప్పుడు...

జేబులోని కత్తెర తీసింది. అక్క కంప్యూటర్ వెనకాలి కేబుల్లో నీలం జంట కోసింది. గోధుమరంగు జంట కోసింది. కోసిన ముక్కలు గుప్పిట్లో పట్టుకుంది.

తెర ఆరిపోలేదు.

తెరలో, తలుపుకి వేలాడుతున్న నీలం కుర్తా ఇప్పుడు లేదు.

కుర్చీ మెల్లగా తిరిగింది. ఎవరో వచ్చి కూర్చున్నారు. కెమెరాకి మరీ దగ్గరగా... మొహం కనపడటం లేదు. గడ్డం, నీలం గుడ్డ, రెండు చేతులు. ఆ చేతులు జుట్టు ముడేసి, ముడిలో పెన్సిల్ గుచ్చాయి.

అక్క అలాగే గుచ్చుకునేది.

నిచ్చెన దిగిందో, జారిందో ఆమెకి తెలీదు. కింద అన్నయ్య ఉన్నాడు. వానకి తడిసిపోయి, నిచ్చెన కాలు రెండు చేతులా పట్టుకుని.

"విప్పొద్దన్నానా..." అన్నాడు నీరసంగా.

"నా గదిలో... ఎవరన్నయ్యా?"

"పోయినేడు గుర్తుందా? అక్కకి ఇంటర్వ్యూ, నీకు చర్చ పోటీ ఫైనల్. ఒకే రోజు, ఒకే గంట. అప్పటి లైను ఇద్దరికీ చాలలేదు. నువ్వు మూడు పాయింట్లు చెప్పావు. అది ఒక్కటీ చెప్పలేదు. నవ్వుతూ కేబుల్ తీసి నీ చేతికిచ్చింది."

గుర్తుంది. కప్పు ఇంకా బీరువా మీదే ఉంది. ఆ ఉద్యోగం అక్కకి మళ్ళీ రాలేదు. మరో నాలుగు నెలలకి అక్కే లేదు.

"అన్నయ్యా, అక్క చచ్చిపోయింది."

"తెలుసు. మోసింది నేనే కదా." అతను మొహం మీది వాన తుడుచుకున్నాడు. "పది రోజుల క్రితం ఆ కంప్యూటర్ మోగింది. అమ్మే ఎత్తింది. పుట్టిన దగ్గర్నుంచి ఏదీ అడగని పిల్ల, నోరు తెరిచి అడిగితే... ఎలా కాదనను?"

"ఏం అడిగింది?"

"సగం."

వాన చప్పుడు. అమ్మ కుర్చీలో కదల్లేదు.

"లైన్లో సగం అనుకున్నా," అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ.

"నాకొక్క మాట చెప్పాల్సింది కదా! నీ చెల్లెల్ని కాదూ? నన్ను అడగకుండా నన్నెలా పంచావు?"

"చెబితే నువ్వు గెలుస్తావు కదే."

జీవితంలో మొదటిసారి ఆమెకి ఎదురు పాయింటు దొరకలేదు.

హాల్లో గడియారం నాలుగు కొట్టింది. గదిలోంచి గొంతు వినిపించింది. స్పష్టంగా, చురుగ్గా, ఒక్క తడబాటు లేకుండా.

"నమస్కారమండీ. నా మాట వినిపిస్తోందా?"

అది అక్క గొంతు కాదు.

ఆమెది.

పరుగెత్తి తలుపు తోసింది. లోపల గడియ పడి ఉంది. పిడికిళ్ళతో బాదింది. చప్పుడు రాలేదు... దూదిని బాదినట్టుంది. లోపల ఎవరో ఏదో అడిగారు, ఆ గొంతు జవాబు చెప్పింది, అవతలివాళ్ళు నవ్వారు. అద్దం ముందు నెల రోజులు సాధన చేసుకున్న జవాబు అది. ఆ హాస్యం కూడా ఆమెదే.

అమ్మ వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి అమ్మ చేతిలో వెచ్చదనం ఉంది.

"ష్... అల్లరి చేయకు."

"అమ్మా, లోపల నేను కాదమ్మా, నేనిక్కడ..."

సగంలో ఆగిపోయింది. నోట్లోంచి వచ్చిన గొంతు మెత్తగా ఉంది. కాస్త బొంగురుగా... ఎవరినీ నొప్పించని గొంతు.

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. నుదుటి మీది జుట్టు పక్కకి తోసింది. కణతలు మెల్లగా నొక్కింది.

"మళ్ళీ తలనొప్పా తల్లీ? కాసేపు ఓర్చుకో పెద్దదానా. చెల్లికి ఇంటర్వ్యూ."

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. అతనొక్కడికి తెలుసు. అతనొక్కడు చెప్పాలి. అన్నయ్య ఆమె వైపు ఒక్క క్షణం చూశాడు. తల దించుకుని, పక్కకి ఒరిగిన నిచ్చెన ఎత్తి, మళ్ళీ అటకకి ఆనించాడు. ఎక్కేవాళ్ళకి జారకుండా కాలితో అదిమి పట్టాడు.

ఆమె గుప్పిట తెరిచింది. కోసిన నాలుగు తీగ ముక్కలు అరచేతిలోనే ఉన్నాయి.

నడవా చివర, హాల్లో, రూటర్ పక్కన టెస్టర్ డబ్బా ఉంది. కేబుల్ కొస ఇంకా దాన్లోనే ఉంది. మూడింటికి ఆమె పీకి పెట్టాక దాన్ని ఎవరూ తిరిగి రూటర్‌కి పెట్టలేదు. గదిలో ఇంటర్వ్యూ నడుస్తూనే ఉంది.

చీకట్లో టెస్టర్ మీద పచ్చ దీపాలు వరసగా వెలుగుతున్నాయి.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు... ఏడు...

ఎనిమిది.