ఆ పేరుకి పలికినవాళ్లు

మధ్యాహ్నం రెండింటికి నెరిడా కారు దిగేసరికి పడమట ఎర్రదుమ్ము గోడలా లేచి ఉంది. ఆ ఎడారి ఊరి లాకప్పులోనే కిందటి నెల ఆమె మేనమామ పోయాడు. కాగితాలకెక్కిన చుట్టరికం కాదు, వాళ్ల తెగ వరసల్లో మేనమామ. ఆమెను "పిట్టా" అని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కడే. గుండె ఆగిందని రాసి చేతులు దులుపుకున్నారు. ఎందుకు ఆగిందో తేల్చకుండా డిటెక్టివ్ నెరిడా ఊరు దాటదలచుకోలేదు.

దారిలో డల్సీ పిన్ని చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"పోయినాయన పేరెత్తకే, పిలిస్తే ఆత్మ తిరిగొస్తుంది. ఆయన పోయిన గదిలో అసలే వద్దు. ఆ స్టేషను సార్జెంటుదీ అదే పేరాయె! కొన్నాళ్లు వేరే పేరుతో పిలిపించుకో బాబూ అంటే పడీపడీ నవ్వాడు."

ఆ సార్జెంటే ఆమెను గదిలోకి తీసుకెళ్లాడు. సిమెంటు గచ్చు, ఫినాయిలు వాసన, మూలన ఎండిపోయిన కొళాయి. నెరిడా రికార్డరు నొక్కింది.

"పోయిన వ్యక్తిని ఉంచిన గది..."

"పేరు చెప్పమ్మా. పేరు లేకపోతే కోర్టులో చెల్లదు. పోలీసు బిళ్ళ తగిలించుకున్నా మీ జాతి పిచ్చి నమ్మకాలు వదలవు కదా!"

ఒళ్లు మండిపోయింది. నిజంగానే చెల్లదేమోనని భయమూ వేసింది. పంతానికి పోయి అనేసింది.

"క్లెమ్."

"ఆఁ," అన్నాడు సార్జెంటు, అలవాటుగా.

"ఆఁ..." మూల నుంచి.

దుమ్ము కిటికీని కమ్మేసింది. ఇనుప తలుపు ధడాలున పడింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. నోటినిండా మట్టి రుచి. ఎవరో ఎండిన గొంతుతో గుటకలు వేస్తున్నారు...

"తలుపు తియ్యండి," అని గుసగుసగా అంది.

"తాళంచెవి బయటే ఉండిపోయింది... నా చెయ్యి వదులు."

"నేను తలుపు దగ్గరున్నాను."

"మరి..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది.

చేతులు కమిలిపోయేలా తలుపు బాదింది. ఎవరూ రాలేదు. ఎంతసేపటికో గాలి తగ్గి, ఎర్రటి వెలుగు లోపలికి పాకింది. సార్జెంటు కొళాయి కింద దోసిలి పట్టి కూర్చున్నాడు. పెదవులు రోజుల తరబడి నీళ్లెరగనట్టు పగిలి ఉన్నాయి.

"నీళ్లు, పిట్టా," అన్నాడు. "ఈ కొళాయి ఎవడు కట్టేశాడో చెప్తా, రాసుకో."

తలుపు ఇంకా మూసే ఉంది.