నాలుగో నంబరు మీద తిజానీ రాత

గాబెస్ రోడ్డు మీద మునీర్ కార్ఖానాలో నాలుగో నంబరు మిషను దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదనేవారు.

అది షెడ్డు చివర, గోడ వారన ఉంటుంది. దాని మీది ట్యూబులైటు ఎన్నిసార్లు మార్చినా కొట్టుకుంటూనే ఉంటుంది. మిషను తలుపుకి దిష్టి తగలకుండా ఒక ఎండు చేప తోక కట్టారు. కింద నేలంతా ధూపం మసి. ఇనుము కోసే చోట ఇంత భక్తి సఫాక్స్ ఊరు మొత్తమ్మీద ఇంకెక్కడా కనపడదు.

ఆ మిషను నడిపిన పెద్ద పనివాడు ఉస్తాద్ తిజానీ. ఆయన పోయింది మాత్రం అక్కడ కాదు. ఇంట్లో, సొంత మంచం మీద, కడుపునిండా తిని పడుకున్న నిద్రలో పోయాడు. దెయ్యమై తిరగడానికి ఏ లోటూ లేని చావు.

అయినా తిరుగుతున్నాడన్నారు.

తిరిగి ఏం చేస్తాడయ్యా అంటే... అంకెలు మారుస్తాడట.

ఆ మాట విన్నప్పుడు విదాద్ నవ్వు ఆపుకోలేకపోయింది. మిషన్లకు ప్రోగ్రాములు రాసే అమ్మాయి ఆమె. ఏ కడ్డీని ఎక్కడ ఎంత కోయాలో మిషనుకి చెప్పే ఫైళ్ళన్నీ ఆమె చేతిలోవి. ఒకప్పుడు ఆ ఫైళ్ళు ఏ మిషను డిస్కులో ఆ మిషనుకే ఉండేవి. ఎవడికి తోచింది వాడు దిద్దేవాడు, ఎవడు దిద్దాడో ఎవడికీ తెలిసేది కాదు. ఆమె వచ్చి వైర్లు లాగించి, ఫైళ్ళన్నీ ఆఫీసు గదిలోని ఒకే డ్రైవులో పెట్టించింది. మిషన్లన్నీ ఇక ప్రతి కోతకీ అక్కడినుంచే చదువుకోవాలి. లోపలి డిస్కులు తుడిచెయ్యండని చెప్పింది.

అందరూ తుడిచారు, నాలుగో నంబరు తప్ప.

"చచ్చిపోయినాయన చేతిరాత చెరపకూడదు తల్లీ," అన్నాడు పగటి డ్యూటీ ఫెరీద్. "పాపం."

"రాత ఎక్కడుంది బాబాయ్? సున్నాలూ ఒకట్లేగా."

"సున్నాలైతే మాత్రం?"

ఏడిశారులే అని వదిలేసింది. ఎలాగూ మిషను ఆ పాత డిస్కు వైపు చూడదు కదా.

గొడవంతా ఆలివ్ గానుగల ఇరుసు దగ్గర వచ్చింది. ఇరుసు చివర బేరింగు కూర్చునే చోటుని తిజానీ ఎప్పుడూ వెంట్రుకంత వదులుగా కోసేవాడు, సీజను మధ్యలో బేరింగు పాడైతే గానుగవాడు సుత్తి దెబ్బతో ఊడదీసుకోవడానికి. కొత్త గానుగలు వేగంగా తిరుగుతాయి. వాటికి వదులు పనికిరాదు. విదాద్ ఆ అంకె మార్చింది. ఫైలు మొదట్లో తిజానీ రాసుకున్న 'ముట్టుకోవద్దు — తిజానీ' అనే వరుసని కూడా తీసేసింది.

పగలు కోసిన ఇరుసులు బిగుతుగా వచ్చాయి. రాత్రి కోసినవి వదులుగా వచ్చాయి.

రాత్రి డ్యూటీ లమ్జెద్ తెరమీద చూశానన్నాడు. తీసేసిన ఆ వరుస మళ్ళీ వచ్చి కూర్చుందట. అంకె కూడా పాతదే ఉందట. ఆ మర్నాటినుంచి వాడు నాలుగో నంబరు ముట్టుకోనన్నాడు.

"హరీసా కారం ఎక్కువ నాకి పడుకున్నావేమో, కలొచ్చి ఉంటుంది," అంది విదాద్ అందరిముందూ. "పాత ఫైలు పెట్టి కోసి, సమాధిలో ఉన్న మనిషి మీదకి తోస్తున్నావ్. పాపం, ఆయన లేచొచ్చి కాదనలేడుగా."

లమ్జెద్ మొహం మాడ్చుకున్నాడు. "నువ్వొకసారి రాత్రి ఉండి చూడు, తెలుస్తుంది," అన్నాడు.

యజమాని మునీర్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. వైర్ల మీద అంతకన్నా లేదు. మహ్రెస్ ఊరి గానుగవాళ్ళ ఇరుసుకి గోదాములో చివరి ఉక్కు దిమ్మ ఒక్కటే మిగిలింది. గానుగ ఆగిపోయి ఉంది, కాయలు గోనెల్లో వేడెక్కుతున్నాయి. అతను విదాద్‌ని పిలిచాడు.

"ఇది కూడా చెడిందంటే నీ వైర్లన్నీ పీకించేస్తా. ఏ మిషను ఫైలు ఆ మిషన్లోకే పోతుంది. నువ్వు మళ్ళీ పాకింగు బల్ల దగ్గర కూర్చుందువుగాని."

ఆమె ఆ పాకింగు బల్ల దగ్గరనుంచే వచ్చింది. అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ, ఆ గమ్ముతో వేళ్ళు పేలిపోతూ, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న పని ఇది.

"ఈ రాత్రి నేనే కోస్తా," అంది.

లమ్జెద్ తోడుంటానన్నాడు. తోడంటే, షెడ్డు ఆ చివర ఒకటో నంబరు దగ్గర.

ఆమె ముందుగా ఫైలు తెరిచి చూసింది. కొత్త అంకె ఉంది. పై వరుస లేదు. అంతా సరిగ్గానే ఉంది.

ముతక కోత మొదలుపెట్టింది. ఉక్కు పొట్టు నీలంగా చుట్టలు చుట్టుకుని రాలుతోంది. ట్యూబులైటు కొట్టుకుంటోంది... ఆగుతోంది... మళ్ళీ కొట్టుకుంటోంది. దెయ్యాలు కరెంటు వృథా చేస్తాయని మునీర్‌కి చెప్పాలనుకుని ఒంటరిగానే నవ్వుకుంది.

ముతక కోత అయిపోయింది. ఇక చివరి సన్నకోత ఒక్కటే ఉంది. బేరింగు చోటు తేలేది దానిలోనే. కోసేసిన ఇనుము మళ్ళీ అతకదు. దిమ్మ చల్లారితే గానీ సరైన కొలత రాదని, లమ్జెద్ దగ్గరికి పోయి టీ తాగింది.

"ఏమైనా... కనపడిందా?" గుసగుసగా అడిగాడు.

"ఆ. నీ భయం కనపడింది. ఇంత లావుంది."

"నవ్వు నవ్వు. ఇంకా తెల్లారలేదుగా."

తిరిగి వచ్చింది. దిమ్మ చల్లారింది. కొలిచింది. మీట మీద వేలు పెట్టబోతూ, ఎందుకో... తెర వైపు చూసింది.

పైన ఒక వరుస ఉంది.

ముట్టుకోవద్దు — తిజానీ.

ఆమె వేలు గాల్లోనే ఆగిపోయింది.

కిందికి చూసింది. అంకె పాతదే ఉంది... వెంట్రుకంత వదులు.

షెడ్డులో ఆమె, లమ్జెద్ తప్ప ఇంకెవరూ లేరు. లమ్జెద్ ఇంతసేపూ ఆమె కళ్ళముందే ఉన్నాడు. ఆఫీసు గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఆమె జేబులోనే ఉంది.

వెనక గోడ పక్కన ఏదో చిన్నగా చప్పుడయింది. లోహం చల్లారుతుంటే వచ్చే చప్పుడే. రోజూ వినేదే. అయినా వెనక్కి తిరిగి చూసింది.

"ఉస్తాద్..." అంది. తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. పాకింగు బల్ల గుర్తొచ్చింది.

ఒక్క పరుగున ఆఫీసు గదికి వెళ్ళి తాళం తీసి కంప్యూటరు ముందు కూర్చుంది. డ్రైవు తెరిచింది. ప్రతి ఫైలు పక్కనా దాన్ని ఎప్పుడు ఎవరు మార్చారో వరసగా పేరు పడుతుంది. ఎవడు దిద్దాడో తెలియాలని ఆమే పట్టుబట్టి పెట్టించుకున్న వసతి. లమ్జెద్ పేరుంటే వాడి చొక్కా పట్టుకోవచ్చు. ఫెరీద్ పేరుంటే... చూద్దాం. ఏ పేరూ లేకపోతే?

ఆ ఆలోచనని పక్కకి తోసి జాబితా కిందికి జరిపింది.

ఫైలు దొరికింది. ఇప్పుడిప్పుడే, ఆమె టీ తాగుతున్న వేళకే మారింది. పక్కన పేరు కూడా ఉంది.

విదాద్.

కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుంది. తర్వాత నెమ్మదిగా, పళ్ళు కొరుక్కుంటూ, ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. వైర్లు లాగించిన కొత్తలో పనివాళ్ళు ఇంకా మిషన్ల మీదే ఫైళ్ళు దిద్దుతుండేవారు. ఆ దిద్దుబాట్లు పోకూడదని ఆమే తన పేరు మీద ఒక ఏర్పాటు చేసింది. రాత్రిపూట మిషన్ల డిస్కుల్లో ఉన్నదంతా తనంతట తానే ఆఫీసు డ్రైవులోకి కాపీ అవుతుంది. ఏది పాతది, ఏది కొత్తది అని అది అడగదు. ఉన్నదాని మీద ఎక్కి కూర్చుంటుంది. డిస్కులు తుడిపించిన రోజున దాన్ని ఆపెయ్యాలి. మర్చిపోయింది. మిగతా మిషన్లలో కాపీ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నాలుగో నంబరులో మాత్రం తిజానీ మిగిలాడు.

అంటే ఇన్నాళ్ళూ ఈ షెడ్డులో తిరిగిన దెయ్యం... ఆమే. లమ్జెద్‌ని అందరిముందూ అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చి మొహాన తగిలాయి. ఎంత తెలివి, ఎంత నవ్వు. తన మరుపుకి ధూపం వేయించుకున్న మనిషి.

ఆ ఏర్పాటు ఆపేసింది. అంకె దిద్దింది. తిరిగొచ్చి తెర చూసి, మళ్ళీ చూసి, మీట నొక్కింది.

ఇరుసు బిగుతుగా వచ్చింది. బేరింగు వేడిచేసి కూర్చోబెడితే పిడికిలిలా పట్టుకుంది. లమ్జెద్ ముందు దూరంనుంచే చూసి, తర్వాత దగ్గరికొచ్చి దాన్ని మహ్రెస్ బండికెక్కించాడు.

వైర్లు నిలబడ్డాయి. పని నిలబడింది. నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. తిజానీ ఎలాగూ కాదనడు.

తెల్లవారి ఫెరీద్ వచ్చాడు. నేరుగా నాలుగో నంబరు తెర దగ్గరికి వెళ్ళి, పెదాలు కదుపుతూ ఏదో ప్రార్థన చదువుకుని, వంగి చూశాడు.

"ఇవాళ రాయలేదే," అన్నాడు ఆశ్చర్యంగా.

"రోజూ చూస్తున్నావా బాబాయ్?"

"చూడ్డమేంటి, రోజూ పొద్దున్నే నేనే దిద్దుతున్నా. పెద్దాయన మీద ఆఫీసులో చాడీ ఎలా చెప్తాం? ఆయన రాత్రి రాసుకుంటాడు, నేను పగలు దిద్దుకుంటా. మా ఇద్దరికీ పేచీ లేదు."

విదాద్ కళ్ళు మూసుకుంది. ఈయన ఒక్కరోజు నోరు విప్పి ఉంటే... పోనీ, విప్పితే మాత్రం తను వినేదా?

"రా బాబాయ్," అంది. "ఆ దెయ్యం ఎవరో చూపిస్తా."

ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. రాత్రి తర్వాత రాత్రి, పాత అంకె తిరిగొచ్చిన ప్రతిసారీ, పక్కన ఒకటే పేరు. ఫెరీద్ ఒక్కొక్క వరుస మీదా వేలు పెట్టి చదివాడు. చివరిదాకా వచ్చి ఆగాడు.

"ఈ వేళలకి నువ్వు ఇంట్లో నిద్రపోతుంటావు కదా," అన్నాడు.

"అవును బాబాయ్, నిద్రలోనే. చెప్తా విను, నేను చేసిపెట్టిన ఏర్పాటు ఒకటి..."

అతను వినడం లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వీపు తలుపుకి తగిలింది. ఆమె కళ్ళలోకి, ఆమెకి వెనక ఎంతో దూరాన ఉన్న ఎవరినో చూస్తున్నట్టు చూస్తూ, చేతులు రెండూ గుండె మీద పెట్టుకున్నాడు.

"ఉస్తాద్..." అన్నాడు లోగొంతుకతో. "మీ ఫైలు మేమెవ్వరం ముట్టుకోం. అమ్మాయిని మాత్రం వదిలెయ్యండి."